సేనాపతి ఊరూ పేరూ

2011 వానాకాలం. ఒక ఆదివారం మధ్యాహ్నం, అశోక్‌నగర్‌లో ఒక ఇంటి కింది గదిలో నడిచే నెట్ సెంటర్‌లో, కురుమూర్తి అనే సెంట్రింగ్ మేస్త్రి కీబోర్డు మీద ఒక్క మాట టైప్ చేశాడు. తెర మీద కోట ముందు నిలబడ్డ ముప్పై ఎనిమిది మంది ఆ మాటకు కదలాలి. రెండేళ్లుగా ప్రతిసారీ కదిలారు. ఆ రోజు ఒక్కరూ కదల్లేదు.

నేను ఆయన వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. వాళ్లు కదలకపోవడానికి కారణం మూడు రోజుల కింద పేపర్లో వచ్చిన నా పన్నెండు లైన్ల వార్త. ఆ సంగతి మొదటి నిమిషంలో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. ముందు తెలిసింది నాకే.

అప్పటికి నేను ఒక తెలుగు దినపత్రికలో ఇరవై నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. నా ఏరియా చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్. మా పత్రిక సిటీ ఎడిషన్‌లో ఒక్కో ప్రాంతానికి ఒక్కో పేజీ ఉండేది. దాన్ని జోన్ పేజీ అనేవాళ్లం. మురుగు కాలువ పొంగినా, గుడిలో ఉత్సవం జరిగినా, పోలీస్ స్టేషన్‌లో కేసు నమోదైనా అందులోకే. రోజూ పొద్దున పదకొండుకు స్టేషన్లు, వార్డు ఆఫీసు, ఆస్పత్రి తిరిగి రావడాన్ని రౌండ్స్ అంటాం. ఇరవై నాలుగేళ్లు రౌండ్స్ తిరిగిన మనిషికి ఎవరి దుఃఖమైనా ఎన్ని లైన్లు వస్తుందో చూడగానే తెలిసిపోతుంది. ఇది గొప్పగా చెప్పుకునే విద్య కాదు. అలసట వల్ల వచ్చే విద్య.

ఆ ఆదివారానికి ముందు బుధవారం స్టేషన్‌కు వెళ్లేసరికి హెడ్ కానిస్టేబుల్ ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకాయన నాకు తెలిసిన మనిషే. అశోక్‌నగర్‌లో నెట్ సెంటర్ నడిపే నర్సింగరావు. తాతల నాటి నుంచి అక్కడే ఉన్న కుటుంబం, ఇంటి కింద కిరాయికిచ్చే గదిని ఖాళీ చేయించి తొమ్మిది కంప్యూటర్లు పెట్టుకున్నాడు. గ్రూప్స్‌కు చదివే పిల్లలు దరఖాస్తులు పెట్టుకోవడానికీ, హాల్‌టికెట్లు తీసుకోవడానికీ అక్కడికే వచ్చేవాళ్లు. రెండో మనిషిని నేను ఎరగను. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది కానీ గోళ్ల సందుల్లో సిమెంటు అలాగే ఉంది.

హెడ్ కానిస్టేబుల్ పిటిషన్ చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏమేం పోయినయయ్యా?"

"కత్తి సార్. గుర్రం. గొంగడి."

"గుర్రం ఏడ కట్టేసినవ్?"

"కంపూటర్ల సార్."

"మేత ఎవరేస్తున్నరు?"

"దానికి మేత అక్కర్లే సార్," అన్నాడు ఆయన, నవ్వకుండా.

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. హెడ్ కానిస్టేబుల్ నర్సింగరావు వైపు తిరిగాడు. "మోటర్‌సైకిల్ పోతె రాసుకుంట, మెడల గొలుసు పోతె రాసుకుంట. గుర్రం పోతె ఏ సెక్షన్ల రాయాలె రావుగారూ, మీరే చెప్పుండ్రి."

సన్నటి మనిషి మాత్రం ఒకే మాట మీద ఉన్నాడు. తనకు కేసు అక్కర్లేదు. పిటిషన్ అందినట్టు ఒక రశీదు ఇస్తే చాలు. దాన్ని పంపితే ఆట కంపెనీ వాళ్లు తన అకౌంటు తనకు తిరిగి ఇస్తామన్నారు. ఆదివారం లోపల కావాలి.

"ఐతారం ఏముంది?"

"కోట మీదికి పోవాలె సార్."

రశీదు ఇవ్వలేదు. ఇది సైబర్ వాళ్లు చూసే పని, అక్కడికి పొమ్మన్నారు. అక్కడికి పోతే ఆదివారం దాటిపోతుందని ఆ గదిలో అందరికీ తెలుసు.

బయట చాయ్ బండి దగ్గర వాళ్లిద్దరినీ పట్టుకున్నాను. అది నాకు అలవాటు. నవ్వొచ్చిన కేసు బాక్స్ ఐటమ్‌కు పనికొస్తుంది. చుట్టూ గీత గీసి పేజీ మధ్యలో పెట్టే చిన్న వార్తను బాక్స్ ఐటమ్ అంటాం. హత్యల మధ్య పాఠకుడికి ఊపిరి తీసుకోవడానికి ఒకటి ఉండాలని వార్తలు దిద్దే మా డెస్క్ రోజూ అడిగేది.

కురుమూర్తిది మక్తల్ దగ్గర పల్లె. ఇంటర్ మధ్యలో మానేసి సెంట్రింగ్ పనికి వచ్చాడు. స్లాబ్ పోసే ముందు కర్రలు, చెక్కలు, ఇనుప రేకులతో దానికి అడుగున అచ్చు కట్టడాన్ని సెంట్రింగ్ అంటారు. స్లాబ్ గట్టిపడ్డాక ఆ అచ్చును ఊడదీస్తారు. లోయర్ ట్యాంక్ బండ్ పక్క బస్తీలో కిరాయి గది. భార్య అదే పనిలో తట్టలు మోస్తుంది. 2009లో పరంజా మీద నుంచి పడి కాలు విరిగితే నాలుగు నెలలు పని లేదు. నర్సింగరావు ఇంటి మీద అంతస్తు వేసింది కురుమూర్తి మేస్త్రీయే కాబట్టి, ఆ పరిచయంతో నెట్ సెంటర్‌లో ఒక మూల కూర్చునేవాడు. ఎవరో దరఖాస్తుదారు ఆడుతున్న ఆటను వెనక నుంచి చూస్తూ చూస్తూ, ఒకరోజు తనకూ ఒకటి తెరిచిపెట్టమన్నాడు.

అది ఒక్కరు కూర్చుని ఆడే ఆట కాదు. వేల మంది ఎక్కడెక్కడి నుంచో ఒకే రాజ్యంలోకి వస్తారు. ఒక్కొక్కరు ఒక మనిషిని తయారు చేసుకుంటారు. ముఖం, మీసం, బట్ట, పేరు అన్నీ ఎవరికి వారే ఎంచుకోవాలి. కొందరు కలిసి గిల్డ్ కడతారు, అంటే దండు. నెలకో ఆదివారం దండులు కోట కోసం కొట్లాడతాయి. గెలిచిన దండుకు నెలంతా ఆ కోట మీద జెండా ఉంటుంది. కురుమూర్తి ఎంచుకున్న పేరు సేనాపతి. రెండేళ్లలో ఆ పేరుకు తగ్గ మనిషే అయ్యాడు. ఆయన దండులో హైదరాబాద్ పిల్లలే ఎక్కువ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఇంజనీరింగ్ విద్యార్థులు, ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్. అందరూ ఆయన్ను అన్న అనో సార్ అనో పిలిచేవాళ్లు.

మిగతా దండులకు అంతంత మంది ఉండీ ఎందుకు ఓడిపోయేవాళ్లని అడిగాను. ఆయన చాయ్ గ్లాసు బండి మీద పెట్టి చేతులతో చూపించాడు.

"స్లాబ్ దినం జూసిండ్రా సార్ ఎప్పుడన్న? మిల్లర్ కాడికెల్లి మీదిదాంక నలభై మంది నిలవడ్తరు. తట్ట ఒకలి చేతులకెల్లి ఒకలి చేతులకు పోతది. నడుమ ఒక్కడు ఉచ్చకు పోయిండనుకో, లైనంత ఆగుతది. ఎవడేడ నిలవడాలె, ఎవడు అలిసిండు, ఎవన్ని మార్చాలె, మేస్త్రీ మొకం జూసే చెప్పాలె. గిది గూడ గంతే. ఈళ్లేమో లడాయి అనుకుంటరు. నేను స్లాబనుకుంట."

మిల్లర్ అంటే కాంక్రీటు కలిపే యంత్రం. ఆయనకు కత్తి యుద్ధం గురించి ఏమీ తెలియదు. నలభై మందిని ఒక పని మీద తెగకుండా నిలబెట్టడం తెలుసు.

పోయిన వస్తువుల్లో కత్తి గురించీ గుర్రం గురించీ ఒక్కో మాటలో చెప్పాడు. ఎక్కువసేపు చెప్పింది గొంగడి గురించి. ఆ ఆటలో ఎంత ఎదిగితే అంత మెరిసే బట్టలు వస్తాయట. బంగారు కవచాలు, నిప్పులు చిమ్మే రెక్కలు. తెలిసినవాళ్లు దూరం నుంచి ఆ మెరుపు చూసి మనిషి హోదా పోల్చుకుంటారు. కురుమూర్తికి అవన్నీ వచ్చాయి, పెట్టెలో పెట్టుకున్నాడు. పైన మాత్రం ఆట మొదలుపెట్టినప్పుడు అందరికీ ఉత్తగా ఇచ్చే నల్లటి ముతక దుప్పటే కప్పుకునేవాడు. వాళ్ల నాయన గొర్రెల వెంబడి పోయినప్పుడు కప్పుకునే గొంగడిలా ఉందని. కొన్నాళ్లకు దండులో వాళ్లు కూడా బంగారు కవచాల మీద నల్ల దుప్పటి కప్పుకోవడం మొదలుపెట్టారు. పది కోటలు ఎక్కినవాడే గొంగడి కప్పాలని వాళ్లలో వాళ్లే ఒక నియమం పెట్టుకున్నారు. మరీ తక్కువ బట్ట మరీ పెద్ద గుర్తు అయిపోయింది. ఎందుకు కప్పుకున్నావని ఎవరూ ఆయన్ను అడగలేదు.

"అడిగితే ఏం చెప్పేవాడివి?"

"అడగలే గద సార్," అన్నాడు.

అన్నీ పోవడానికి కారణం నర్సింగరావు దగ్గర ఉన్న పొడుగాటి నోట్‌బుక్. దరఖాస్తులు పెట్టుకునే పిల్లలు పాస్‌వర్డ్‌లు మరచిపోయి హాల్‌టికెట్ల రోజున ఏడుస్తారని, అందరివీ ఆయన ఆ పుస్తకంలో వరసగా రాసి పెట్టేవాడు. అశోక్‌నగర్‌లో చాలా నెట్ సెంటర్లలో అలాంటి పుస్తకం ఒకటి ఉండేది. కురుమూర్తిది కూడా అందులోనే రాశాడు. కౌంటర్ మీద పడి ఉండే ఆ పుస్తకాన్ని ఎవరు తిరగేశారో తెలియదు. అంతకుముందు ఆదివారం పొద్దున కురుమూర్తి ఆట తెరిస్తే పాస్‌వర్డ్ మారిపోయి ఉంది. వేరే అకౌంటు నుంచి వెళ్లి చూస్తే, సేనాపతి కోట గుమ్మం ముందు ఒంటి మీద బట్ట లేకుండా నిలబడి ఉన్నాడు.

"పేపర్ల వస్తె ఫాయిదా ఉంటదా సార్?" అని ఆయనే అడిగాడు. రశీదు బదులు పేపర్ ముక్క పంపవచ్చు కదా అని నర్సింగరావు ఆలోచన. ఉంటుందన్నాను. పిటిషన్ తీసుకుని వివరాలు నా పుస్తకంలోకి ఎక్కించుకున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా న్యూస్ ఎడిటర్ ఒకాయన నేర్పిన పాఠం ఒకటుంది. పేరు, వయసు, ఊరు, చేసే పని. ఈ నాలుగూ ఉంటే వార్త, లేకపోతే పుకారు. దొంగకైనా, చచ్చిపోయినవాడికైనా, లాటరీ తగిలినవాడికైనా ఈ నాలుగూ రాయాల్సిందే. ఒకటి తగ్గినా రాసిచ్చిన కాపీ మొహాన కొట్టేవాడు. ఇరవై నాలుగేళ్లలో నేను రాసిన వార్తలన్నిటిలో ఆ నాలుగూ ఉన్నాయి. చేయి దానంతటదే రాస్తుంది.

ఆ సాయంత్రం కూడా రాసింది. మహబూబ్‌నగర్ జిల్లా మక్తల్ ప్రాంతానికి చెందిన కురుమూర్తి (34) లోయర్ ట్యాంక్ బండ్‌లో ఉంటూ సెంట్రింగ్ పనిచేస్తున్నాడని, ఆన్‌లైన్ ఆటలో సేనాపతి పేరుతో ఒక దండుకు నాయకుడని, తన కత్తి, గుర్రం, గొంగడి ఎవరో ఎత్తుకుపోయారంటూ పోలీసులను ఆశ్రయించాడని. గుర్రానికి మేత మాట కూడా పెట్టాను. "సెంట్రింగ్ సేనాపతి కత్తి చోరీ" అని శీర్షిక. అది డెస్క్ వాళ్లు పెట్టారని చాలాకాలం చెప్పుకుంటూ వచ్చాను. కాపీ పైన సూచనగా రాసిచ్చింది నేనే.

వార్త గురువారం వచ్చింది. శుక్రవారం నర్సింగరావు దాన్నీ, కురుమూర్తి ఓటరు కార్డునూ స్కాన్ చేసి కంపెనీకి పంపాడు. శనివారం పొద్దున్నే అకౌంటు తిరిగి వచ్చేసింది. కత్తి, గుర్రం, పెట్టెలోని బంగారు కవచాలు, గొంగడి, ఏ ఒక్కటీ తగ్గకుండా. ఆ మధ్యాహ్నం కురుమూర్తి స్లాబ్ పనికి పోతూ పోతూ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చి అరకిలో జిలేబీ నా బల్ల మీద పెట్టాడు. రేపు వచ్చి తమ కోట చూడమన్నాడు. బల్ల మీద ఆ వారం ఫైలులో ఆ పేజీ పైనే ఉంది. వంగి చూశాడు.

"పని పేరు గూడ రాసిండ్రు సార్," అన్నాడు.

"రాయాలి కదా," అన్నాను.

తల ఊపి, పని టైమ్ అవుతుందని వెళ్లిపోయాడు. ఆ మాటను ఆయన అక్కడ ఎందుకు ఆపాడో అడగడం ఒక విలేకరికి కష్టమైన పని కాదు. నాకు తట్టలేదు. జిలేబీ అందరికీ పంచాను.

ఆదివారం నేను వెళ్లేసరికి నర్సింగరావు తొమ్మిదో కంప్యూటర్ ముందు నాకోసం కుర్చీ వేసి పెట్టాడు. కురుమూర్తి తలకు నూనె రాసుకుని వచ్చాడు. మెడలో హెడ్‌ఫోన్ ఉంది కానీ దాని మైకు ఆయన వాడడు. దండులో వాళ్లు మాట్లాడుకునేది వింటాడు, జవాబు మాత్రం టైప్ చేస్తాడు. మైకు పాడైందని రెండేళ్లుగా చెబుతున్నాడట. మాట వింటే యాస తెలుస్తుంది, యాస తెలిస్తే ఊరు తెలుస్తుంది, ఆ తరవాత ఏం పని అని అడుగుతారు. మాట్లాడని నాయకుడికి వాళ్లే ఒక కథ కట్టుకున్నారు. ఆర్మీలో మేజర్ అని కొందరు, పెద్ద కంపెనీలో మేనేజర్ అని కొందరు. తను ఎప్పుడూ ఔననలేదు, కాదని కూడా అనలేదు.

తెర మీద ముప్పై ఎనిమిది మంది నల్ల గొంగళ్లు కప్పుకుని నిలబడి ఉన్నారు. నిజంగానే బాగుంది చూడటానికి. కురుమూర్తి రెడీ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. ఆ మాట రాగానే దండు రెండు పాయలుగా విడిపోవాలని అంతకుముందే నాకు చెప్పాడు.

ఎవరూ కదల్లేదు. తెర అడుగున మాటలు రావడం మొదలైంది. తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో.

"మేస్త్రీ, తట్టలు తెచ్చినవా?"

"సిమెంటు మాల్ కలిసిందా మేస్త్రీ?"

"రోజుకూలి ఎంతిస్తవో ముందుగాల జెప్పు."

"మైకు పాడైందన్నది గిందుకా అన్నా. మేజర్ సాబ్ అనుకున్న గదరా నేను."

నా వార్త అక్కడ కూడా కనిపించింది. ఎవరో శుక్రవారం సాయంత్రమే దాని ఫోటో తీసి నెట్‌లో వాళ్లు మాట్లాడుకునే పేజీలో పెట్టారు. బాక్స్ చుట్టూ గీత, శీర్షిక, బ్రాకెట్లో వయసు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. కురుమూర్తి శనివారం మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా స్లాబ్ మీద ఉండటంతో చూడలేదు. ఇప్పుడు చూశాడు. చేతులు కీబోర్డు మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

నర్సింగరావు దగ్గరికి వచ్చి చదివాడు. నావైపు చూడలేదు.

"బంద్ చెయ్ కురుమూర్తీ. లేచి రా."

"నడుమ ఇడిశిపెడితే జాయింట్ పడ్తది అన్నా," అన్నాడు కురుమూర్తి. స్లాబ్ పోయడం మధ్యలో ఆపితే పాత కాంక్రీటుకూ కొత్తదానికీ మధ్య అతుకు మిగులుతుంది. అక్కడే నీరు దిగుతుంది, అక్కడే విరుగుతుంది. అది వాళ్ల పనిలో మొదటి పాఠం.

మళ్లీ చేతులు పైకి తెచ్చి నెమ్మదిగా, రెండు వేళ్లతో టైప్ చేశాడు. "ఔ. సెంట్రింగ్ మేస్త్రీనే. ఎడమ దిక్కు ఇరవై మంది, కుడి దిక్కు పద్దెనిమిది. రెడీ."

తరవాత వైద్య అనే పేరున్న మనిషి కదిలింది. ఆ దండులో గాయాలు మాన్పే పని ఆమెది. ఆమె ఎడమ వైపు వెళ్లి తన చోట నిలబడింది. ఆమె వెనక ఇంకొకరు, ఇంకో ఇద్దరు. కురుమూర్తి వేలితో తెర మీద లెక్క పెట్టాడు. పదకొండు మంది. మిగతావాళ్లలో కొందరు నిలబడే ఉన్నారు, కొందరు అక్కడికక్కడే గొంగడి తీసేసి బంగారు కవచాలతో మెరుస్తూ చూస్తున్నారు.

"పదకొండు మందితోని స్లాబ్ పడది సార్," అన్నాడు నాతో. అయినా ఆ పదకొండు మందిని తీసుకుని వెళ్లాడు. ఇరవై నిమిషాల్లో కోట వేరే దండు చేతికి పోయింది.

ఆట ఆపేముందు కురుమూర్తి చేసిన పని నర్సింగరావు పక్కన నిలబడి నాకు వివరించాడు. నాయకత్వం వైద్యకు రాసిచ్చాడు. దండుకు ఉమ్మడి పెట్టె ఒకటి ఉంటుంది, కత్తి, గుర్రం, కవచాలు ఒక్కొక్కటే అందులో పెట్టాడు. గొంగడి మీద కాసేపు ఆగాడు. అదీ పెట్టాడు. శనివారమే తిరిగొచ్చిన వస్తువులన్నీ, ఎవరూ ఎత్తుకుపోకుండానే, ఆదివారం చీకటి పడకముందే పోయాయి.

బయట ముసురు పట్టింది. గేటు దగ్గర ఇద్దరం నిలబడ్డాం. నేను ఏదో ఒకటి చెప్పాలని, ఆయన మీద ఈసారి పెద్ద కథనం రాస్తానన్నాను. చేసే పనిని గౌరవంగా చూపిస్తూ, స్లాబ్‌కూ కోటకూ ఆయన చెప్పిన పోలికతో, ఫోటో పెట్టి.

"మల్ల రాస్తరా సార్?" అన్నాడు. కోపం లేదు. నిజంగానే అడిగాడు. తరవాత ఇంకో ప్రశ్న వేశాడు.

"సార్, పేరు మార్చి రాయొస్తుండెనా?"

"వచ్చేది," అన్నాను. ఆ రోజుల్లో కూడా కొన్ని కేసుల్లో పేరు మార్చి రాసేవాళ్లం. అలా రాయాల్సిన కేసులేవో మా అందరికీ తెలుసు. ఒక మేస్త్రీకి పేరు దాచుకోవాల్సినంత పరువు మరోచోట ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ అనుకోలేదు.

"గట్లనా," అన్నాడు. ప్యాంటు మడమల దగ్గర పైకి మడిచి వానలోకి దిగాడు. కాలు ఈడుస్తూ మూల తిరిగేదాకా చూశాను.

ఆ వార్తలో ఒక్క తప్పు లేదు. సవరణ వేయడానికి వీల్లేదు. తప్పు రాస్తే మరునాడు నాలుగు లైన్ల సవరణ వేసి చేతులు దులుపుకోవచ్చు, నిజం రాసినదానికి అలాంటి ఏర్పాటు ఏ పత్రికలోనూ లేదు. ఆ తరవాత ఉద్యోగంలో ఉన్న మూడేళ్లూ, ఎదుటి మనిషికి రెండు పేర్లున్నాయని తెలిస్తే ఏది రాయమంటారని అడిగేవాణ్ని. నాటకాలు వేసేవాళ్లను, కలం పేరుతో రాసేవాళ్లను, ఇంట్లో ఒక పేరూ పనిలో ఒక పేరూ ఉన్న ఆడవాళ్లను. దానితో డెస్క్‌తో గొడవలు వచ్చాయి. నాలుగు వివరాల్లో ఒకటి తగ్గితే కాపీ వెనక్కి వచ్చేది. కొన్నిసార్లు పోట్లాడాను. కొన్నిసార్లు ఓపిక లేక రాసిచ్చేశాను. మారిపోయానని చెప్పుకునేంత మారలేదు.

2014లో నర్సింగరావు నెట్ సెంటర్ మూసేశాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, గదిని మళ్లీ కిరాయికిచ్చుకుంటే మేలనిపించింది. రమ్మని ఫోన్ చేస్తే వెళ్లాను. తొమ్మిది కంప్యూటర్లూ వరండాలో పేర్చి ఉన్నాయి. పాస్‌వర్డ్‌ల నోట్‌బుక్‌ను ఆయన నా ముందే పేజీ పేజీ చించి బకెట్లో నీళ్లలో వేశాడు. అప్పుడే ముప్పై ఏళ్లు పైబడిన ఒక ఆమె స్కూటీ దిగి లోపలికి వచ్చింది. నారాయణగూడలో జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతుంది, పేరు శ్రీవాణి. ఆ ఆదివారం ముందుగా కదిలిన వైద్య ఆమే.

కురుమూర్తి కూర్చునేది ఇక్కడేనని బస్తీలో ఎవరో చెబితే ఆయన కోసం వచ్చింది. నర్సింగరావు దగ్గర ఉన్న నంబరు పనిచేయడం లేదు. బస్తీలో అడిగితే భార్యాభర్తలిద్దరూ పుణె పనికి పోయారని ఒకరు, గచ్చిబౌలి వైపు అపార్ట్‌మెంట్ల దగ్గర ఉన్నారని ఒకరు చెప్పారట. నేనెవరో నర్సింగరావు చెప్పాడు. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"కొత్తగా ఒకాయన వచ్చిండు సార్ మా దండుల," అంది. "ఎనిమిది నెలలైంది. మాట్లాడడు, మైకు పాడైందంటడు. వెనకాల నిలబడి, ఎవరు అలిసిండ్రో చూసి ఒక్క మాట కొడ్తడు. పైన నల్ల గొంగడి. పేరేమో వేరే."

కురుమూర్తే కదా, మరి అనుమానం దేనికన్నాను.

"ఇప్పుడు మా దండుల గొంగడి కప్పనోళ్లు లేరు సార్. ఆ రోజు తీసేసినోళ్లు గూడ మల్ల కప్పుకున్నరు. మైకు పాడైందనెటోళ్లే ఏడుగురున్నరు." నావైపు తిరిగి అడిగింది. "మీరైతే ఎట్ల కనుక్కుంటరు?"

నాకు తెలిసిన పద్ధతి ఒకటే. పేరు, వయసు, ఊరు, చేసే పని అడుగుతాను. అదే చెప్పాను.

ఆమె తలూపి, బకెట్లో కాగితాల మీద సిరా నీళ్లలో కలిసిపోవడం కాసేపు చూసి, స్కూటీ తీసుకుని వెళ్లిపోయింది. ఆ ఏడాది చివర నేను రిటైరైన రోజు ఫోన్ చేసి అభినందనలు చెప్పింది. ఆ మనిషి ఇంకా దండులోనే ఉన్నాడంది. ఎవరో ఏమో అప్పటికీ ఆమె అడగలేదు.